ఆలస్యం అమృతం విషం

పాఠ్యభాగ ఉద్దేశం

యౌవనంలో అడుగిడే వయసులోనే తలెత్తే తీవ్ర మానసిక రుగ్మతలను తొలిదశలో గుర్తించవలసిన ఆవశ్యకతను తెలియజేయడం, వాటి పట్ల సమాజంలో పాతుకుపోయిన అపోహలను తొలగించడం, బాధలో ఉన్న తోటివారికి విద్యార్థులు ఏవిధంగా అండగా నిలవగలరో వివరించడం ఈ పాఠం ముఖ్యోద్దేశం.

పాఠ్యభాగం

వ్యాధిని తెలుసుకోవడానికి ఆయుర్వేదం ఐదు సాధనాలను చెప్పింది. అవి నిదానం, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి. వీటిలో నిదానం వ్యాధికి కారణం. రూపం దాని లక్షణం. ఈ రెండింటి నడుమ నిలిచేది పూర్వరూపం. మబ్బు వానను తెలిపినట్లు, వ్యాధి పూర్తిగా వెలువడకముందే అది రాబోతున్నదని తెలిపే సూచనను పూర్వరూపం అంటారు. చరకసంహిత నిదానస్థానంలో ఉన్మాదానికి ప్రత్యేకించి ఒక అధ్యాయం ఉంది. అందులో ఉన్మాద లక్షణాలతో పాటు దాని పూర్వరూపాలు కూడా వివరంగా చెప్పబడ్డాయి. తల శూన్యమైనట్లు తోచడం, చూపు నిలకడ కోల్పోవడం, చెవులలో ధ్వనులు వినిపించడం, అన్నం సహించకపోవడం, సందర్భం లేని చోట చింత, ఉద్వేగం కలగడం వాటిలో కొన్ని. ఆనాటి కారణ వివరణలను నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. అయినప్పటికీ, మనసుకు వచ్చే వ్యాధికి కూడా ముందస్తు సూచనలు ఉంటాయనీ, వాటిని గమనించాలనీ చెప్పిన ఆ దృష్టి మాత్రం నేటికీ విలువైనదే.

ఆధునిక వైద్యం ఈ విషయానికి తగిన ప్రాధాన్యం ఇవ్వడానికి చాలాకాలం పట్టింది. అమెరికాకు చెందిన మనోవైద్యుడు హ్యారీ స్టాక్ సల్లివన్ 1927లోనే స్కిజోఫ్రీనియా ఆరంభదశను గురించి రాస్తూ, వ్యాధి ముదిరినవారే వైద్యుల వద్దకు వస్తున్నారని ఆవేదన వ్యక్తం చేశాడు. తొలిదశలోనే గుర్తించి చికిత్స చేసే ప్రత్యేక కేంద్రాలు వెలయడానికి 1990 దశకం వరకు ఆగవలసి వచ్చింది.

సైకోసిస్ అంటే ఏమిటి?

సైకోసిస్ అనేది ఒకే వ్యాధికి పేరు కాదు. వాస్తవానికీ ఊహకూ మధ్య ఉండే గీత చెరిగిపోయే మానసిక స్థితికి అది పేరు. ఎవరూ మాట్లాడకపోయినా మాటలు వినిపించడం, లేని రూపాలు కనిపించడం భ్రాంతులు. తనను ఎవరో వెంటాడుతున్నారనీ, టీవీలో వచ్చే వార్తలు తనను ఉద్దేశించినవేననీ నమ్మి, ఎన్ని ఆధారాలు చూపినా ఆ నమ్మకాన్ని విడవలేకపోవడం మిథ్యావిశ్వాసం. మాటకూ మాటకూ పొంతన తెగిపోవడం మరొక లక్షణం. స్కిజోఫ్రీనియాలోనే కాక బైపోలార్ రుగ్మతలోనూ, తీవ్రమైన కుంగుబాటులోనూ ఈ స్థితి ఏర్పడవచ్చు. మూర్ఛ, మెదడువాపు, థైరాయిడ్ గ్రంథి లోపాలు, మత్తుపదార్థాల వాడకం వల్ల కూడా ఇటువంటి లక్షణాలు కనిపించవచ్చు. అందువల్ల మనసును పరీక్షించే వైద్యుడు శరీరాన్ని కూడా పరీక్షిస్తాడు.

స్కిజోఫ్రీనియా అనే పేరును 1908లో స్విట్జర్లాండ్ వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ ప్రతిపాదించాడు. ఆలోచన, భావన, ప్రవర్తనల మధ్య పొందిక విడిపోవడం అని ఆయన ఉద్దేశం. సినిమాలలో చూపినట్లు ఒకే మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం అని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ప్రపంచంలో రెండు కోట్లకు పైగా ప్రజలు ఈ వ్యాధితో జీవిస్తున్నారు. ఇది చాలావరకు కౌమారం చివరిదశలోనూ, ఇరవైలలోనూ ప్రారంభమవుతుంది. అంటే చదువు, ఉద్యోగం, స్నేహాలు, జీవితాశయాలు రూపుదిద్దుకొనే కాలంలోనే ఇది వచ్చిపడుతుంది.

దీనికి ఏదో ఒకటే కారణమని చెప్పలేం. వంశపారంపర్యంగా సంక్రమించే జన్యువులు, గర్భస్థదశలోనూ ప్రసవ సమయంలోనూ ఏర్పడిన చిక్కులు, బాల్యంలో ఎదుర్కొన్న హింస, తీవ్రమైన ఒత్తిడి, చిన్నవయసులో గంజాయి వాడకం దీనికి అవకాశాన్ని పెంచుతాయి. మెదడు ఎదుగుదల ఇరవయ్యో ఏడు దాటిన తరువాత కూడా కొనసాగుతుంది కనుక ఆ వయసులో పడే దెబ్బ లోతుగా తగులుతుంది. ఇది తల్లిదండ్రుల పెంపకంలోని లోపం కాదు. పూర్వజన్మ పాపఫలం కాదు. గాలి సోకడం అంతకన్నా కాదు.

తొలి సంకేతాలు

సైకోసిస్ సాధారణంగా ఒక్కరోజులో విరుచుకుపడదు. ముందు కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు కొన్నేళ్లపాటు చిన్నచిన్న మార్పులు కనిపిస్తాయి. ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని ఉదాహరణగా ఊహించవచ్చు. అతడు హాస్టల్లో ఉంటాడు. మొదట రాత్రిళ్లు నిద్ర తగ్గుతుంది. తరువాత మిత్రులతో కలిసి భోజనానికి వెళ్లడం మానుకుంటాడు. పుస్తకం తెరిచి గంటల తరబడి ఒకే పుట చూస్తూ ఉంటాడు. స్నానం, బట్టల మార్పిడి వంటి దినచర్యలు పట్టవు. ప్రక్క గదిలో ఎవరైనా నవ్వితే తనను చూసే నవ్వారేమోనని అనుమానిస్తాడు. ఒకరోజు తనను ఎవరో పేరుపెట్టి పిలిచినట్లు వినిపించిందంటాడు. అంతలోనే తానే అది భ్రమ కాబోలునని సర్దుకుంటాడు. మార్కులు తగ్గినందుకు అధ్యాపకులు మందలిస్తారు. నెలకొకసారి చూడవచ్చిన తల్లిదండ్రులు పరీక్షల దిగులని భావిస్తారు. అతనిలోని మార్పును దినదినమూ చూస్తున్నది ప్రక్క మంచం మీది మిత్రుడు ఒక్కడే.

ఈ సంకేతాలలో ఏ ఒక్కటి కనిపించినా సైకోసిస్ వస్తుందని భావించడం పొరపాటు. నిద్రలేమి, చికాకు, ఒంటరితనం పరీక్షల ఒత్తిడి వల్ల కూడా కలుగుతాయి. కుంగుబాటు వల్ల కూడా కలుగుతాయి. అయితే అనేక మార్పులు కలిసి రావడం, వారాల తరబడి నిలవడం, రోజురోజుకూ పెరగడం, మనిషి తన మునుపటి స్వభావానికి పూర్తిగా దూరం కావడం జరిగినప్పుడు ఉపేక్షించరాదు. నిర్ధారణ చేయవలసినది వైద్యుడు. వైద్యుని వద్దకు చేర్చవలసినది చుట్టూ ఉన్నవారు.

ఆలస్యానికి కారణాలు

సైకోసిస్ లక్షణాలు స్పష్టంగా బయటపడిన నాటి నుండి తగిన చికిత్స మొదలయ్యే నాటి వరకు గడిచే కాలాన్ని మనోవైద్యులు చికిత్స లేని కాలంగా లెక్కిస్తారు. ఈ కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టమవుతుందని అనేక దేశాల పరిశోధనలు వెల్లడించాయి. చదువు ఆగిపోతుంది, స్నేహితులు దూరమవుతారు, ఇంటిలో కలతలు పెరుగుతాయి. వ్యాధి తగ్గిన తరువాత కూడా వీటిని తిరిగి పొందడం సులభం కాదు.

భారతదేశంలో 12 రాష్ట్రాలలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే, సైకోసిస్‌తో బాధపడుతున్నవారిలో సుమారు ముప్పాతిక మందికి చికిత్స అందడం లేదని తేల్చింది. వైద్యుల కొరత దీనికి ఒక కారణం. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం మరొక కారణం. దయ్యం పట్టిందని, చేతబడి జరిగిందని భావించి తాయెత్తులు కట్టించడంలోనే విలువైన నెలలు గడిచిపోతుంటాయి. భాష కూడా ఈ ఆలస్యానికి దోహదం చేస్తున్నది. పిచ్చి అనే మాటను ఇంటా బయటా ఎగతాళికి వాడటం పరిపాటి. హైదరాబాదులో మానసిక చికిత్సాలయం ఉన్న ఎర్రగడ్డ పేరును కూడా జనం వెక్కిరింపుగా వాడుతుంటారు. వైద్యశాల పేరే తిట్టుగా మారినచోట, తనకు మాటలు వినిపిస్తున్నాయని పదిహేడేళ్ల పిల్లవాడు ఎవరితో చెప్పుకోగలడు?

నార్వే చూపిన దారి

వైద్యుల సంఖ్య పెంచకుండా, కొత్త మందు కనిపెట్టకుండా, కేవలం ప్రజలకు తెలియజెప్పడం ద్వారా ఈ ఆలస్యాన్ని తగ్గించవచ్చునా? ఈ ప్రశ్నకు నార్వే దేశపు నైరుతి తీరంలోని రోగాలాండ్ ప్రాంతం సమాధానం చూపింది. అక్కడి ముఖ్యపట్టణం స్టావంగర్. 1990 దశకం ఆరంభంలో అక్కడ సైకోసిస్ రోగికి చికిత్స మొదలయ్యేసరికి పట్టిన కాలానికి మధ్యగతం 26 వారాలు. రోగులందరినీ ఆలస్యపు క్రమంలో నిలబెడితే సరిగ్గా మధ్యనున్న వ్యక్తి ఆరు నెలలు చికిత్స లేకుండా గడిపాడన్నమాట.

1997 నుండి అక్కడ ఒక విస్తృత ప్రచారోద్యమం సాగింది. సైకోసిస్ లక్షణాలను సరళంగా వివరించే పత్రాలు ఇంటింటికీ చేరాయి. పత్రికలలో, రేడియోలో, సినిమాహాళ్లలో ప్రకటనలు వెలువడ్డాయి. ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులకు, కుటుంబ వైద్యులకు శిక్షణ ఇచ్చారు. అంతకంటె ముఖ్యంగా, ఎవరి సిఫారసూ లేకుండా ఎవరైనా ఫోను చేయగల ప్రత్యేక బృందాలను ఏర్పాటు చేశారు. తల్లి చేసినా, ఉపాధ్యాయుడు చేసినా, మిత్రుడు చేసినా ఆ బృందం ఒక్కరోజులో వచ్చి పరీక్షించేది.

ఫలితం ఆశ్చర్యకరంగా ఉంది. 26 వారాల ఆలస్యం దాదాపు 5 వారాలకు తగ్గింది. అదే కాలంలో ఇటువంటి ప్రచారం లేని ఓస్లోలోని ఒక విభాగంలోనూ, డెన్మార్క్‌లోని రోస్కిల్డేలోనూ అది 16 వారాలుగా ఉంది. రోగాలాండ్‌లో వైద్యుల వద్దకు వచ్చినవారిలో వ్యాధి తీవ్రత తక్కువగా ఉంది. తమకు తాము హాని చేసుకోవాలనే ఆలోచనలు కూడా తక్కువగా ఉన్నాయి. ఈ రెండు ప్రాంతాల రోగులు మొత్తం 281 మందిని పరిశోధకులు ఆ తరువాత కూడా పరిశీలిస్తూ వచ్చారు. పదేళ్ల తరువాత చూడగా, ప్రచారం జరిగిన ప్రాంతంలో సుమారు 31 శాతం మంది పూర్తిగా కోలుకోగా, జరగని ప్రాంతంలో కోలుకున్నవారు 15 శాతం మాత్రమే.

ఈ గాథలో గమనించదగిన మరొక విషయం ఉంది. ప్రచారాన్ని ఆపివేసిన తరువాత పరిశీలించగా, ఆలస్యం మళ్లీ 15 వారాలకు పెరిగింది. వైద్యులు అక్కడే ఉన్నారు, బృందాలు అక్కడే ఉన్నాయి. ప్రజలలోని ఎరుక మాత్రమే మసకబారింది. ఎరుకను ఒకసారి కలిగిస్తే చాలదు, నిరంతరం నిలుపుకోవాలన్నది రోగాలాండ్ నేర్పిన పాఠం.

సంకేతం వేరు, వ్యాధి వేరు

రోగాలాండ్ ప్రయోగం వ్యాధి మొదలైనవారిని త్వరగా గుర్తించడానికి సంబంధించినది. అంతకన్నా ముందే, అంటే వ్యాధి రాకమునుపే గుర్తించే ప్రయత్నం ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో జరిగింది. అక్కడ మనోవైద్యుడు ప్యాట్రిక్ మెక్‌గోరీ నాయకత్వంలో 1992లో తొలిదశ సైకోసిస్ చికిత్సాకేంద్రం ఏర్పడింది. 1994లో సైకోసిస్ వచ్చే ప్రమాదం ఉన్న యువతకోసం ఒక ప్రత్యేక క్లినిక్ ప్రారంభమైంది. లక్షణాలు స్వల్పస్థాయిలో ఉన్నవారిని, స్పష్టమైన లక్షణాలు వచ్చి వారంలోపే వాటంతట అవే తొలగిపోయినవారిని, కుటుంబంలో ఈ వ్యాధి ఉండి చదువు, దినచర్య దెబ్బతిన్నవారిని ప్రమాదదశలో ఉన్నవారిగా అక్కడ పరిగణించారు.

అయితే ఇటువంటి దశలో ఉన్నవారందరికీ వ్యాధి వస్తుందని భావించరాదు. మూడేళ్లలో దాదాపు నలుగురైదుగురిలో ఒకరికి మాత్రమే సైకోసిస్ వస్తున్నట్లు తరువాతి అధ్యయనాలు చూపాయి. అంటే అధిక సంఖ్యాకులకు అది రాదు. ఈ కారణంగానే శాస్త్రజ్ఞుల మధ్య తీవ్రమైన చర్చ జరిగింది. రాని వ్యాధి పేరును లేతవయసులో తగిలిస్తే, ఆ ముద్రే పిల్లలకు భారం కాగలదని విమర్శకులు హెచ్చరించారు. అమెరికన్ మనోవైద్య సంఘం 2013లో వెలువరించిన నిర్ధారణ గ్రంథంలో ఈ ప్రమాదదశను ప్రధాన రుగ్మతల జాబితాలో చేర్చక, ఇంకా అధ్యయనం చేయవలసిన విషయాలలో మాత్రమే చేర్చింది.

ఉత్సాహం ఎంత ఉన్నా రుజువు లేనిదే చికిత్స నిలవదనడానికి మరొక నిదర్శనం ఉంది. చేపనూనెలోని ఒమేగా-3 ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుందని వియన్నాలో 81 మందిపై జరిగిన అధ్యయనం 2010లో ఆశలు రేపింది. పలుదేశాలలో మరింత విస్తృతంగా జరిగి 2017లో వెలువడిన అధ్యయనం ఆ ఆశను బలపరచలేదు.

చికిత్స

ప్రమాదదశలో ఉన్నవారికి సైకోసిస్ మందులు మొదటి చికిత్స కాదు. వారు అప్పటికే అనుభవిస్తున్న దిగులు, ఆందోళన, నిద్రలేమి వంటి బాధలకు చికిత్స చేయాలి. తన ఆలోచనలను తానే పరిశీలించుకొని, వాటికి ఆధారం ఉన్నదో లేదో తరచి చూసుకొనేటట్లు మాటల ద్వారా సాగే చికిత్సను వారికి అందిస్తారు. గంజాయి వంటి మత్తుపదార్థాలకు దూరంగా ఉంచుతారు. కొంతకాలం క్రమం తప్పక గమనిస్తారు. ఇందులో వ్యాధి రాకున్నా నష్టపోయేది ఏమీ లేదు.

వ్యాధి స్పష్టంగా బయటపడినప్పుడు మందులు అవసరం. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందును సైకోసిస్ చికిత్సకు వాడటంతో ఆధునిక చికిత్స ఆరంభమైంది. నేడు తొలిసారి వ్యాధి వచ్చినవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. నిద్రమత్తు, బరువు పెరగడం వంటి ఇబ్బందులు కలిగితే వైద్యుడు మోతాదును గాని, మందును గాని మారుస్తాడు. కొంచెం నెమ్మదించగానే సొంత నిర్ణయంతో మందు మానితే వ్యాధి తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

మందు ఒక్కటే చాలదు. అమెరికాలో 21 రాష్ట్రాలలోని 34 కేంద్రాలలో 404 మందిపై జరిగిన ఒక అధ్యయనం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. మందులతో పాటు మాటల చికిత్స, కుటుంబానికి అవగాహన, చదువుకూ ఉద్యోగానికీ తోడ్పాటు కలిపి అందించినప్పుడు రోగుల జీవనం మరింత మెరుగుపడిందని అది నిరూపించింది. అయితే ఆ అధ్యయనంలో చేరినవారి ఆలస్యానికి మధ్యగతం 74 వారాలు. అంతకంటె ముందుగా వచ్చినవారికే ఈ సమగ్రచికిత్స ఎక్కువ మేలు చేసింది. ఒకే చికిత్స త్వరగా అందినవారికి ఎక్కువగానూ, ఆలస్యంగా అందినవారికి తక్కువగానూ ఫలించింది. ఆలస్యం అమృతం విషం అన్న నానుడికి వైద్యశాస్త్రంలో ఇంతకంటె తగిన ఉదాహరణ అరుదు.

కుటుంబం అనే బలం

సంపన్నదేశాలకే ఈ ఫలితాలు సాధ్యమని అనుకోనవసరం లేదు. చెన్నైలో 1984లో డాక్టర్ శారదా మీనన్ స్థాపించిన స్కిజోఫ్రీనియా పరిశోధనా సంస్థ స్కార్ఫ్ పేరుతో ప్రసిద్ధి పొందింది. భారతదేశపు తొలి మహిళా మనోవైద్యురాలిగా పేరొందిన ఆమె 1992లో పద్మభూషణ్ పురస్కారం అందుకొని, 2021లో కన్నుమూశారు. తొలిసారి సైకోసిస్ వచ్చిన యువతకు చెన్నైలో ఈ సంస్థ, కెనడాలోని మాంట్రియల్ నగరంలో మరొక కేంద్రం ఒకే విధమైన చికిత్సను రెండేళ్లపాటు అందించి ఫలితాలను పోల్చాయి. భ్రాంతులు, మిథ్యావిశ్వాసాలు తగ్గడంలో రెండు నగరాలూ సమానంగానే ఉన్నాయి. నిరాసక్తత, ముభావం, నలుగురికీ దూరంగా ఉండటం వంటి లక్షణాలు తగ్గడంలో మాత్రం చెన్నై ముందు నిలిచింది. అక్కడి కుటుంబసభ్యులు చికిత్సలో ఎక్కువగా పాలుపంచుకొన్నారు. ఇంటివారి సిగ్గు చికిత్సను ఆలస్యం చేయగలదు. అదే ఇంటివారి తోడు చికిత్సను ఫలింపజేయగలదు.

విద్యార్థుల బాధ్యత

మన దేశంలో 2017లో చేసిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడం ప్రతి పౌరుని హక్కు. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల విధి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరు ద్వారా ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. బాధితుడే చేయనవసరం లేదు. అతని గురించి ఆందోళన చెందుతున్న మిత్రుడు కూడా సలహా అడగవచ్చు.

తోటి విద్యార్థిలో మార్పు గమనించినవారు మొదట చేయవలసినది వినడం. అతనికి వినిపించే మాటలు అబద్ధమని వాదించడం వలన గాని, నిజమేనని తల ఊపడం వలన గాని ప్రయోజనం లేదు. అతని భయం మాత్రం నిజం. దానిని గుర్తించి ధైర్యం చెప్పాలి. తరగతిలో అతని సంగతి పదిమందికీ పాకనీయరాదు. నమ్మకమైన అధ్యాపకునికో, తల్లిదండ్రులకో తెలియజేసి వైద్యుని వద్దకు వెళ్లేందుకు తోడుగా నిలవాలి. చనిపోవాలని ఉన్నదని మిత్రుడు అంటే అతనిని ఒంటరిగా విడువక వెంటనే పెద్దలకు చెప్పి ఆసుపత్రికి చేర్చాలి. ఎవరికీ చెప్పవద్దని అతడు ఒట్టు పెట్టించుకొన్నా, ఆ ఒట్టును దాటడమే అటువంటి వేళ మైత్రీధర్మం. మాట నిలుపుకోవడం గొప్ప గుణమే. మనిషిని నిలుపుకోవడం అంతకన్నా గొప్పది.

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. రోగాలాండ్ ప్రాంతంలో చికిత్సలోని ఆలస్యం ఎలా తగ్గింది? ప్రచారం ఆగిన తరువాత ఏమి జరిగింది?
2. మానసిక రుగ్మతల చికిత్స ఆలస్యం కావడానికి గల సామాజిక కారణాలను వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పూర్వరూపం అంటే ఏమిటి? చరకసంహిత పేర్కొన్న ఉన్మాద పూర్వరూపాలను తెలపండి.
2. ప్రమాదదశను వ్యాధిగా పరిగణించరాదనడానికి కారణాలేవి?
3. చెన్నై, మాంట్రియల్ నగరాల ఫలితాలను పోల్చండి.

III. క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. స్కిజోఫ్రీనియా అనే పేరును ప్రతిపాదించినది ఎవరు?
2. టెలీ మానస్ సేవ ఏ సంవత్సరంలో ప్రారంభమైంది?
3. స్కార్ఫ్ సంస్థ స్థాపకురాలు ఎవరు?